నర్సు చదువుకు గడప ఎంత ఎత్తు?

మార్కులు తక్కువ వచ్చిన విద్యార్థి నర్సింగ్ పాఠశాలలో చేరవచ్చునా? గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తి, మిరప పండే పల్లెల నుండి వచ్చే పిల్లలు ఉపాధ్యాయులను ఈ ప్రశ్న అడగడం సహజమే. ప్రవేశార్హత ఏ కాలంలో ఎట్లా ఉన్నదో చూస్తే దీనికి జవాబు తేలికగా దొరుకుతుంది.

1860లో ఫ్లారెన్స్ నైటింగేల్ పేర లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల పాఠశాల ప్రారంభమైనది. అక్కడ ప్రతి విద్యార్థినిని గురించి నెలనెలా ఒక పట్టిక నింపేవారు. వేళకు రావడం, నమ్మకస్థురాలై ఉండడం, శుభ్రత వంటి గుణాలను అందులో నమోదు చేసేవారు.

గుంటూరుకు 1883లో అమెరికా నుండి లూథరన్ మిషన్ వైద్యురాలు డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చింది. 1898లో ఆమె స్థాపించిన ఆసుపత్రి తెరువబడినది. ఆ కాలపు చదువు స్థితి ఎట్టిది? 1901 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో వెయ్యిమంది స్త్రీలలో అక్షరాస్యులు ఆరుగురు మాత్రమే. అట్టి రోజులలో హైస్కూలు చదువే కావాలని పట్టుబట్టి ఉంటే, రోగుల మంచాల దగ్గర నిలబడే నర్సులు ఎక్కడ దొరుకుతారు?

1946లో భోర్ సంఘం నివేదిక వెలువడినది. అప్పటికి దేశంలో నర్సులు సుమారు 7,000 మంది. అనగా 43,000 మంది జనానికి ఒక్కరు! అందుచేత ఆ సంఘం మెట్రిక్యులేషన్ చదివినవారికి ఒక తరగతి, మిడిల్ స్కూలు చదివినవారికి మరొక తరగతి ఉండాలని సూచించినది. 1950ల దశాబ్దంలో ప్రారంభమైన ఏ.ఎన్.ఎం. శిక్షణలో ఏడెనిమిది తరగతులు చదివినవారిని చేర్చుకొన్నారు. తరువాత బడులు పెరిగినవి; వాటితోపాటు గడప ఎత్తూ పెరిగినది.

ఈనాడు మూడు కోర్సులకూ ఇంటర్మీడియట్ కావలెను. భారత నర్సింగ్ మండలి నియమాలలో బి.ఎస్సి. నర్సింగ్‌కు సైన్సు సబ్జెక్టులలో 45 శాతం (షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 40), మూడేళ్ల జి.ఎన్.ఎం.కు 40 శాతం మార్కులు కనీసార్హత. రెండేళ్ల ఏ.ఎన్.ఎం.కు ఇంటర్ ఉత్తీర్ణత చాలు. ఏ.ఎన్.ఎం.గా నమోదైనవారు జి.ఎన్.ఎం.లోనూ, జి.ఎన్.ఎం. ముగించినవారు పోస్ట్ బేసిక్ బి.ఎస్సి.లోనూ చేరవచ్చును. అనగా ఒక మెట్టు అందకపోతే క్రింది మెట్టు నుండి ఎక్కే దారి కలదు. అయితే చేరబోయే పాఠశాలకు గుర్తింపు ఉన్నదా అని ముందుగా విచారించుట అవసరం. గుర్తింపు లేని చోట చదివితే నర్సుగా నమోదు కావడం కష్టం.

గడప దాటితే సరిపోతుందా? ఒక లెక్క చూడండి. రోగికి 500 మిల్లీలీటర్ల సెలైన్ 4 గంటలలో ఎక్కించాలి. గొట్టం ఒక మిల్లీలీటరుకు 20 బొట్లు వదులుతుంది. మొత్తం బొట్లు 10,000; నిమిషాలు 240. భాగిస్తే నిమిషానికి సుమారు 42 బొట్లు. ఇక్కడ తప్పు జరిగితే పోయేది మార్కు కాదు, రోగి క్షేమం.

పత్తి చేనులో మందు చల్లుతూ ఆర్గానోఫాస్ఫేట్ విషం సోకినవారిని తీసుకుందాము. వారి కంటిపాపలు చిన్నవవుతాయి, చొంగ కారుతుంది, ఊపిరితిత్తులలో నీరు ఊరుతుంది. వైద్యుడు అట్రోపిన్ ఇచ్చిన తరువాత నాడిని, ఊపిరిని గంటల తరబడి గమనించవలసినది నర్సే. ఈ ఓర్పునూ, శ్రద్ధనూ ఏ పరీక్షా పత్రమూ పూర్తిగా కొలవలేదు. అయితే భాగహారం రానివారికి ఓర్పు ఒక్కటే చాలదు.

కనుక ఉపాధ్యాయులు తక్కువ మార్కుల విద్యార్థిని నిరుత్సాహపరచవద్దు. మిల్లీగ్రాములు, మిల్లీలీటర్లు, నిష్పత్తులు ఇప్పుడే బాగా నేర్పండి. గడప ఎత్తు కాలాన్నిబట్టి మారినది. రోగి పట్ల బాధ్యత మాత్రం ఏనాడూ తగ్గలేదు.