రాతికెక్కిన పేర్లు, ఎక్కని పేర్లు

ఎం.ఏ.లో శాసనాల పాఠం చదువుకున్నవాళ్ళకు ఒక అలవాటు పడుతుంది. శాసనంలో ఏముందో చదివాక, దాన్ని వేయించిందెవరు, ఎవరి పేరు చెక్కించారు, ఎవరిది వదిలేశారు అని అడుగుతాం. దానమిచ్చిన ప్రభువు బిరుదులన్నీ దొరుకుతాయి. ఆ పొలం దున్నినవాడి పేరు మాత్రం దొరకదు. ఈ అలవాటును మన శాసనాల దగ్గరే ఆపుకోనక్కరలేదు. స్కాట్లండ్ ఈశాన్య తీరంలో స్టోన్‌హేవెన్ అనే చిన్న పట్నం ఉంది. అక్కడి రాళ్ళనూ, ఆ చుట్టుపక్కల నేలమీంచి వచ్చిన రెండు నవలలనూ పక్కపక్కన పెట్టి చదివితే, చరిత్రకూ సాహిత్యానికీ ఉన్న సంబంధం గురించి మనకు పనికొచ్చే విషయాలు తెలుస్తాయి.

రేవు పక్కన జాలరుల పాత ఊరు, 1790లలో ఊరీ జమీందారు బార్‌క్లే వేయించిన కొత్త వీధులు, దక్షిణాన సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండమీద డనాటర్ కోట. ఇదీ ఆ పట్నం స్వరూపం. క్రాంవెల్ సైన్యం 1651-52లో ఆ కోటను ముట్టడించినప్పుడు స్కాట్లండ్ కిరీటాన్నీ రాజదండాన్నీ ఖడ్గాన్నీ రహస్యంగా బయటికి తరలించి దగ్గరి చర్చిలో పాతిపెట్టిన కథ ఆ చరిత్రలో పేరుమోసింది. 1685లో అదే కోటలో జరిగిన మరో ఘటనకు అంత పేరు రాలేదు. చర్చిమీద రాజు పెత్తనాన్ని ఒప్పుకోని 167 మంది కవెనంటర్లను, ఆడా మగా తేడా లేకుండా, ఒకే నేలమాళిగలో కుక్కారు. కొందరు అక్కడే చనిపోయారు. వాళ్ళ గుర్తుగా డనాటర్ చర్చి శ్మశానంలో ఒక రాయి నిలిచింది.

1793లో వాల్టర్ స్కాట్ అక్కడికి వెళ్ళినప్పుడు ఒక ముసలాయన ఆ రాయిని శుభ్రం చేస్తూ కనిపించాడు. పేరు రాబర్ట్ పాటర్సన్, వృత్తి రాతిపని. కవెనంటర్ల సమాధులమీద అరిగిపోయిన అక్షరాలను మళ్ళీ చెక్కుకుంటూ ఆయన స్కాట్లండంతా తిరిగేవాడు. స్కాట్ 1816లో ప్రచురించిన నవలకు ఆయన మారుపేరే పెట్టాడు: 'ఓల్డ్ మోర్టాలిటీ'. స్కాట్ రాజభక్తుడు, సంప్రదాయవాది. తిరుగుబాటుదారుల మూర్ఖత్వాన్ని ఎత్తిచూపడానికి వెనకాడలేదు. అయినా వాళ్ళ పేర్లను నిలబెట్టినవాడు ఒక శ్రామికుడన్న సంగతిని ఆయన దాచలేదు.

ఆ శ్మశానానికి దూరం కాని బ్లాక్ హిల్ కొండమీద 1923లో మొదటి ప్రపంచయుద్ధ స్మారకం కట్టారు. దాని శిల్పి జాన్ ఎల్లిస్ స్థానికుడే. గ్రీకు దేవాలయం మాదిరి స్తంభాలు నిలబెట్టి, కప్పు వేయకుండా, కట్టడం మధ్యలో ఆగిపోయినట్టు వదిలేశాడు. సగంలో తెగిపోయిన బతుకులకు అది గుర్తు. విజయగర్వాన్ని చాటే స్మారకాలు దేశమంతటా లేచిన కాలంలో ఇంత నిజాయితీ ఉన్న శిల్పం అరుదు. ఇక్కడ ఇంకో సంగతి గమనించాలి. 1919లో డనాటర్ కోటను కౌడ్రే ప్రభువు కుటుంబం కొన్నది. ఆ సంపదలో పెద్ద భాగం మెక్సికో చమురు నుంచి వచ్చింది. 1925లో కోట మరమ్మతులు మొదలయ్యాయి. పాత ప్రభువుల శిథిలాన్ని కొత్త ధనం బాగుచేయిస్తుంటే, మామూలు మనుషుల కోసం కట్టిన కొత్త కట్టడం శిథిలంగానే నిలబడింది.

అయితే శిల్పం ఎంత నిజాయితీగా ఉన్నా రాయికి ఒక పరిమితి ఉంది. ఫలానావాడు చనిపోయాడని చెబుతుంది కాని ఎందుకు వెళ్ళాడో, ఎవరు పంపారో చెప్పదు. ఆ మాటలు చెప్పడానికి ఆ జిల్లాలోనే ఒక రచయిత పెరిగాడు. లూయిస్ గ్రాసిక్ గిబ్బన్ (1901-1935) అసలు పేరు జేమ్స్ లెస్లీ మిచెల్. స్టోన్‌హేవెన్‌కు కొద్ది మైళ్ళలో ఉన్న ఆర్బత్‌నాట్‌లో సన్నకారు రైతుబిడ్డ. స్టోన్‌హేవెన్ మాకీ అకాడమీలో చేరి, చదువు పూర్తికాకుండానే బయటికొచ్చాడు. ఆ ప్రాంతంలో ఆరేసి నెలల జీతానికి కుదిరే పాలేర్ల బతుకు ఆయనకు దగ్గరగా తెలుసు.

1932లో వచ్చిన 'సన్‌సెట్ సాంగ్' నవలలో క్రిస్ గత్రీ భర్త యూవన్ సైన్యంలో చేరతాడు. సెలవుకు వచ్చినప్పుడు పశువులా ప్రవర్తిస్తాడు. తిరిగి ఫ్రాన్సు వెళ్ళాక, ఒక తెల్లవారుజామున ఊరు గుర్తొచ్చి, దళాన్ని విడిచి ఇంటిదారి పడతాడు. పట్టుకొని కాల్చి చంపుతారు. యుద్ధాన్ని వ్యతిరేకించి జైలుకెళ్ళిన మిల్లు రాబ్ చివరికి తానూ సైన్యంలో చేరి ప్రాణం పోగొట్టుకుంటాడు. యుద్ధం పేరుతో అడవులు నరికి అమ్ముకున్నవాళ్ళు బాగుపడతారు, గాలికి అడ్డులేని పొలాలు పాడవుతాయి. నవల ముగింపులో ఊరివాళ్ళు కొత్త స్మారకం కట్టించరు. ఊరి మీదున్న ప్రాచీన శిలమీదే నాలుగు పేర్లు చెక్కిస్తారు. అందులో రాబ్ పేరుంది, యూవన్ పేరూ ఉంది.

దళం విడిచిపోవడం, పిరికితనం వంటి ఆరోపణలమీద బ్రిటిష్ సామ్రాజ్య సైన్యం తానే కాల్చి చంపిన 306 మందికి ప్రభుత్వం క్షమాపణ ఇచ్చింది 2006లో. అంతవరకూ అలాంటివాళ్ళ పేర్లు ఎన్నో ఊళ్ళ స్మారకాల్లోకి రాలేదు. చట్టానికి 74 ఏళ్ళు ముందే ఒక నవలాకారుడు ఆ పేరును రాతికెక్కించాడు. రచయిత బాధ్యత గురించి మనం రాసుకునే ప్రకటనలకంటే ఈ ఒక్క ఉదాహరణ నాకు ఎక్కువ నమ్మకమిస్తుంది.

గిబ్బన్‌ను విమర్శ లేకుండా మెచ్చుకోనక్కరలేదు. నవల చివర పాత రైతాంగం అంతరించిందన్న విలాపం ఉంది. యుద్ధానికి ముందే పెద్ద కమతాలు చిన్న రైతును మింగడం మొదలైందన్న వాస్తవాన్ని ఆ విలాపం కొంత కప్పేస్తుంది. ఆ లోపం గ్రహించాడేమో, ఆయన అక్కడ ఆగలేదు. 1934లో వచ్చిన 'గ్రే గ్రానైట్'లో క్రిస్ కొడుకు కార్మికోద్యమంలోకి వెళతాడు.

ఇది పరాయి కథ అనుకుంటే పొరపాటు. అదే యుద్ధంలో మెసపొటేమియాలో పోయిన భారతీయ సైనికులకు ఇరాక్‌లోని బస్రా స్మారకంలో చోటిచ్చారు. అధికారుల పేర్లు చెక్కారు. మామూలు సిపాయిలను పేరులేకుండా అంకెలుగా లెక్కగట్టారు. తెలుగువాళ్ళూ ఉన్న మద్రాసు సాపర్ల దళం ఆ రంగంలో పోరాడిందే. స్టోన్‌హేవెన్ పాలేరుకు కనీసం రాతిమీద పేరు దక్కింది.

శిల్పం గొప్పగా ఉందా లేదా అన్న చర్చ అవసరమే. కాని విద్యార్థులు దానికంటే ముందు తమ ఊరి రాళ్ళ దగ్గరికి వెళ్ళి పేర్లు చదవాలి. తర్వాత ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని, లేని పేర్లు ఎవరివో అడిగి రాసుకోవాలి. పాటర్సన్ ఉలితో చేసిన పని, గిబ్బన్ నవలతో చేసిన పని అక్కడినుంచే మొదలైంది.