బ్రేక్ యాక్షన్ తుపాకీలో ప్రైమర్, హెడ్‌స్పేస్ లోపాలు

బ్రేక్ యాక్షన్ తుపాకీ అనగా గొట్టాన్ని కీలు వద్ద కిందికి వంచి, వెనుకవైపు నుండి తూటా నింపే తుపాకీ. జంట గొట్టాల 12 బోరు తుపాకీ దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. తూటా పేలకపోవడం, ఆలస్యంగా పేలడం, పేలిన తరువాత తుపాకీ సులభంగా తెరుచుకోకపోవడం ఇందులో తరచు కనిపించే లోపాలు. తూటాలోని ప్రైమర్, దానిని కొట్టే యంత్రాంగం, హెడ్‌స్పేస్ అనే కొలత - వీటిలో ఏది చెడినా లక్షణాలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. కనుక ఒక్క గుర్తును చూసి కారణాన్ని నిర్ణయించరాదు.

నిర్మాణం

ఈ రకపు తుపాకీని 1830లలో ఫ్రాన్సు దేశపు కాసిమిర్ లెఫాషో ప్రచారంలోకి తెచ్చాడు. నేటి జంట గొట్టాల తుపాకులలో చాలావాటికి ఆధారమైన ఆన్సన్-డీలీ యంత్రాంగం 1875లో ఇంగ్లాండులో రూపొందింది.

గొట్టాన్ని మూసినపుడు దాని వెనుక అంచు, చట్రంలోని నిలువు గోడకు ఆనుకొని నిలుస్తుంది. ఆ గోడలోని రంధ్రం గుండా ఫైరింగ్ పిన్ ముందుకు వచ్చి ప్రైమరును కొడుతుంది. ప్రైమర్ అనగా దెబ్బకు మండే రసాయనం గల చిన్న లోహపు గిన్నె. దాని మంట తుపాకిమందును అంటిస్తుంది.

హెడ్‌స్పేస్

ఈ తుపాకుల తూటాలకు సాధారణంగా అడుగున వెడల్పైన అంచు ఉంటుంది. గొట్టం వెనుక తొలిచిన గాడిలో ఈ అంచు కూర్చుని, తూటా మరింత ముందుకు పోకుండా ఆపుతుంది. ఆ గాడి మెట్టు నుండి నిలువు గోడ వరకు గల దూరమే హెడ్‌స్పేస్. ఇది తూటా అంచు మందం కంటె అతి స్వల్పంగా ఎక్కువ ఉండాలి. ఈ కొలతల పరిమితులను ఐరోపాలో 1914లో ఏర్పడిన సి.ఐ.పి., అమెరికాలో 1926లో ఏర్పడిన సామి అనే సంస్థలు నిర్దేశిస్తాయి.

కీలు అరిగినకొద్దీ గొట్టానికి, గోడకు మధ్య సందు ఏర్పడి హెడ్‌స్పేస్ పెరుగుతుంది. అపుడు పిన్ దెబ్బకు తూటా ముందుకు జరిగి దెబ్బ బలం తగ్గుతుంది. ప్రైమర్ పేలితే, తూటాకు వెనుక ఆధారం లేనందున ప్రైమర్ ముందుగా బయటికి పొడుచుకు వస్తుంది. పీడనం ఎక్కువైన తూటాలలో తూటా అడుగు కూడా వెనక్కు వచ్చి ప్రైమరును మరల లోపలికి నెడుతుంది. పీడనం తక్కువైన తూటాలలో అది అలాగే ఉండిపోతుంది.

లక్షణాలు, కారణాలు

* ప్రైమరుపై లోతు తక్కువ గుంట, తూటా పేలకపోవడం: స్ప్రింగు బలహీనపడడం, పాత నూనె గడ్డకట్టడం, పిన్ అరగడం లేదా హెడ్‌స్పేస్ పెరగడం.
* లోతైన గుంట ఉన్నా పేలకపోవడం: చాలావరకు తూటా లోపం. తేమ, చమురు తగలడం సాధారణ కారణాలు.
* రెండవ దెబ్బకు పేలడం: ప్రైమర్ పూర్తిగా అడుగుకు కూర్చోకపోవడం. మొదటి దెబ్బ దానిని లోపలికి నెట్టడంతో సరిపోతుంది.
* ప్రైమర్ పొడుచుకు రావడం: అధిక హెడ్‌స్పేస్ లేదా బలహీనమైన తూటా.
* ప్రైమర్ చదును కావడం: అధిక పీడనం. అయితే బయటికి వచ్చిన ప్రైమర్ మరల నొక్కుకున్నపుడు కూడా ఇలాగే కనిపిస్తుంది.
* తుపాకీ బిగుసుకొని తెరుచుకోకపోవడం: పొడుచుకు వచ్చిన ప్రైమర్ గోడకు రాసుకోవడం లేదా పిన్ వెనక్కు పోక ప్రైమరులో చిక్కుకోవడం.

నిర్ధారణ క్రమం

ఒకసారి ఒక్క అంశాన్ని మాత్రమే మార్చి చూడడం ఇందులో మూలసూత్రం. జంట గొట్టాలు ఇందుకు ఎంతో ఉపకరిస్తాయి. ఒకే పెట్టెలోని తూటాలు ఒక గొట్టంలో పేలి, మరొక దానిలో పేలకపోతే, లోపం ఆ రెండవ గొట్టానికి చెందిన యంత్రాంగంలోనో, గాడిలోనో ఉన్నదని భావించవచ్చు. రెండింటిలోను పేలకపోతే వేరొక తయారీ తూటాలతో పరీక్షించాలి. అవి సక్రమంగా పేలితే మొదటి తూటాలను అనుమానించాలి.

కీలు అరుగుదలను తెలుసుకోవడానికి, ఖాళీ తుపాకీ ముందుచెక్కను తీసి, మూసి ఉంచిన గొట్టాలను కదిపి చూస్తారు. వెలుతురుకు ఎదురుగా పట్టినపుడు సందు కనిపిస్తే కీలు అరిగినట్లే. అయితే సందు లేనంత మాత్రాన హెడ్‌స్పేస్ సరిగా ఉన్నదని చెప్పలేము. గాడినే లోతుగా తొలిచి ఉండవచ్చు. తుది నిర్ణయం 'గో', 'నో-గో' అనే కొలత గేజీలదే. 'గో' గేజితో తుపాకీ మూసుకోవాలి, 'నో-గో' గేజితో మూసుకోరాదు.

జాగ్రత్తలు

తూటా పేలనపుడు వెంటనే తుపాకీ తెరవరాదు. గొట్టం కొనను సురక్షిత దిశలో ఉంచి కనీసం 30 సెకన్లు వేచి ఉండాలి. ఆలస్యంగా పేలే తూటా, తెరిచిన తుపాకీలో పేలితే దాని శకలాలు, వేడి వాయువులు కాల్చేవాని ముఖంపైకి వస్తాయి. శబ్దం మందంగా వచ్చినచో, గొట్టంలో ఏదీ అడ్డుపడలేదని చూసిన తరువాతనే మరొక తూటా నింపాలి. మూసుకోని తుపాకీని బలవంతంగా మూయరాదు. కంటికి అద్దాలు అవసరం.

భారతదేశంలో 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం తుపాకీ కలిగి ఉండడానికే గాక, వాటిని మరమ్మతు చేసే వృత్తికి కూడా లైసెన్సు అవసరం. కనుక హెడ్‌స్పేస్ లోపాన్ని లైసెన్సు గల తుపాకీ పనివానిచేతనే సరిచేయించాలి.

ఇవి కూడా చూడండి

* తుపాకి
* తూటా
* తుపాకిమందు