ప్రవీర్ చంద్ర, సోక్రటీస్, మన వాళ్ళు

శబరి నదికి అవతల బస్తర్ ఉంది. అక్కడి కోయ, దొర్ల ఊళ్ళకూ మన ఊళ్ళకూ చుట్టరికాలున్నాయి. ఆ బస్తర్ చివరి రాజు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ కథ మన పిల్లలకు ఏ పాఠంలోనూ కనబడదు. అందుకే ఇక్కడ చెప్పుకుంటున్నాం.

ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు బస్తర్ చేరి రాజ్యం స్థాపించాడని చెబుతారు. ప్రవీర్ చంద్ర తల్లి ప్రఫుల్లకుమారీ దేవిది ఆ వంశమే. ఆమె 1936లో చనిపోగా, 1929లో పుట్టిన ప్రవీర్ చిన్నతనంలోనే గద్దెనెక్కాడు. సంస్థానాలు పోయినా ఆదివాసులకు ఆయన దంతేశ్వరి అమ్మవారి పెద్ద పూజారిగానే మిగిలాడు.

ఆస్తిని చూసుకోగల స్థితిలో లేడంటూ 1953లో ప్రభుత్వం ఆయన ఎస్టేటును కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కిందికి తీసుకుంది. 1957లో కాంగ్రెస్ తరఫున శాసనసభకు గెలిచాడు. తర్వాత ఆ పార్టీకే ఎదురు తిరిగాడు. 1961 ఫిబ్రవరిలో ముందస్తు నిర్బంధ చట్టం కింద అరెస్టు చేశారు. రాజుగా గుర్తింపు తీసేసి తమ్ముడికిచ్చారు. ఆ మార్చి 31న లోహండిగూడలో గుమిగూడిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. 1962 ఎన్నికల్లో బస్తర్ సీట్లలో ఎక్కువ భాగం ఆయన బలపరిచిన వాళ్ళే గెలిచారు. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజమహల్లో పోలీసు తూటాలకు ఆయన చనిపోయాడు.

ఇలాంటి చావు చూస్తే పెద్ద పేర్లు గుర్తుకొస్తాయి. క్రీస్తు పూర్వం 399లో ఏథెన్స్ సోక్రటీస్‌కు విషమిచ్చింది. 1900లో బిర్సా ముండా రాంచీ జైల్లో కన్నుమూశాడు. 1940లో జోడేఘాట్ దగ్గర కొమురం భీం నేలకొరిగాడు.

పోలిక ఒక చోట సరిగ్గా కుదురుతుంది. శిక్ష కంటే ముందు నింద వస్తుంది. సోక్రటీస్ కుర్రాళ్ళను చెడగొడుతున్నాడన్నారు. బిర్సా అల్లరిమూకను రెచ్చగొడుతున్నాడన్నారు. ప్రవీర్‌ను పిచ్చివాడన్నారు. మనిషి మాటకు విలువ లేకుండా చేస్తే, తర్వాత ఏం చేసినా అడిగేవాడుండడు.

కానీ పోలిక అక్కడితో ఆగాలి. సోక్రటీస్‌కు కనీసం న్యాయసభ ముందు మాట్లాడే అవకాశం దొరికింది. ప్రవీర్‌కు అదీ లేదు. బిర్సా, భీం మన ఇళ్ళలో పుట్టినవాళ్ళు. ప్రవీర్ రాజకుటుంబంలో పుట్టాడు. ఆయన రాజకీయంలో లెవీ బియ్యం గొడవా ఉంది, పోయిన గద్దె మీద పట్టుదలా ఉంది. హింసకు గురైనంత మాత్రాన మనిషి అన్నిటా ఒప్పు అయిపోడు. తప్పులున్నాయని చంపడమూ న్యాయం కాదు. ఈ రెండు మాటలూ కలిపి పట్టుకోవడం నేర్చుకోవాలి.

అలా పట్టుకోకపోతే ఏమవుతుందో బస్తరే చూపించింది. కొన్నేళ్ళకు ఒక బాబా వచ్చి తానే ప్రవీర్ అవతారమన్నాడు. మాంసం, కల్లు మానమని చెప్పి మెళ్ళో తులసి కంఠీలు వేయించాడు. వేలమంది నమ్మారు. రాజు మీది దుఃఖం మన ఆచారాల మీదికే మళ్ళింది.

ఇంకొక మాట. ఆ రోజు ప్రవీర్‌తో కలిపి పన్నెండు మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. జనం లెక్క అంతకంటే ఎక్కువ. ఒక్కరి పేరు మనకు తెలుసు. విల్లంబులతో ఆయన్ని కాపాడాలని వచ్చిన మిగతా ఆదివాసుల పేర్లు ఎంతమందికి తెలుసు? సోక్రటీస్ పక్కన రాజును నిలబెట్టడం తేలిక. ఆ పేర్లు వెతకడం కష్టం.

ఉపాధ్యాయ మిత్రులారా, ఆ కష్టం మన పిల్లలకు అప్పజెప్పండి. శబరికి రెండు వైపులా ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళు ఉన్నప్పుడే అడిగి రాసుకుందాం.