రాలుచుక్కల జాడలో రాడారు

చుక్క తెగిపడుట చూడనివారుండరు. అది నక్షత్రము కాదనియు, ఆవగింజంత రేణువు మహావేగముతో వాతావరణమున ప్రవేశించి, ఇంచుమించు 100 కిలోమీటర్ల ఎత్తున మండిపోవుటయే ననియు మనమెరుగుదుము. అయితే ఆ రేణువు సూర్యకుటుంబములోనిదా, లేక నక్షత్రాల నడుమనుండి వచ్చిన అతిథియా? 1930 తరువాత ఇది పెద్ద వివాదమైనది.

దీనికి తీర్పు వేగము. భూకక్ష్యకడ సూర్యునికి లోబడిన వస్తువు సెకనుకు 42 కిలోమీటర్లు మించి పోలేదు. భూమి తన 30 కిలోమీటర్ల వేగముతో ఎదురేగినను మొత్తము సుమారు 72. అంతకు మించినచో అది బయటిదే. ఎస్తోనియా శాస్త్రజ్ఞుడు ఎర్న్‌స్ట్ ఓపిక్, కంటితో చేసిన కొలతలనుబట్టి, బయటివి అనేకము గలవనెను. కాని క్షణములో ఆరిపోవు వెలుగును కన్ను ఎంత సరిగా కొలువగలదు?

సమాధానమునకు దారి యుద్ధము చూపినది. 1944లో లండనుపై పడుచున్న జర్మను వి-2 రాకెట్లను పసిగట్టుటకు బ్రిటిషు సైన్యము రాడారులను ఆకాశమునకు ఎక్కుపెట్టెను. రాకెట్టు లేనప్పుడును ప్రతిధ్వనులు వచ్చుచుండెను; దాడులు ఆగినను అవి ఆగలేదు. జె. ఎస్. హే, స్టూవర్టు అనువారలు పరిశీలించి, ఇవి ఉల్కల జాడలని తేల్చిరి. మండిన ఉల్క వెనుక విద్యుత్కణముల సన్నని చార కొద్దిసేపు నిలుచును. రేడియో తరంగము దానికి తగిలి మరలివచ్చును. పగటి వెలుగుగాని మబ్బుగాని దీనికి అడ్డు రావు.

1945 డిసెంబరులో బెర్నార్డ్ లోవెల్, సైన్యమునుండి తెచ్చిన రాడారును మాంచెస్టరు విశ్వవిద్యాలయమువారి జోడ్రెల్ బాంక్ తోటలో నెలకొల్పెను. ఆయన వెదకినది విశ్వకిరణములను, దొరికినవి ఉల్కలు. 1946 అక్టోబరు 9-10 రాత్రి భూమి జాకోబినీ-జిన్నర్ తోకచుక్క మార్గమును దాటునప్పుడు, ప్రతిధ్వనులు గంటకు వేయి వరకు పెరిగి, కొలది గంటలలో తగ్గిపోయెను. 1947 వేసవిలో, ఎవరి కంటికిని కానరాని పగటి ఉల్కావర్షములు బయటపడెను.

పిమ్మట వేగమును కొలుచు ఉపాయము దొరకినది. చార ఏర్పడుచుండగా ప్రతిధ్వని హెచ్చుచు తగ్గుచు ఊగును. ఆ ఊగుటలో ఉల్క వేగము తెలియును. కొన్ని సంవత్సరములు వేలాది ఉల్కలను కొలిచిచూడగా, 72 కిలోమీటర్ల హద్దు దాటినవి చెప్పుకోదగినన్ని లేవు. వివాదము తీరినది: రాలుచుక్కలు దాదాపు అన్నియు మన ఇంటివే.

ఆ చార గాలికి కొట్టుకొనిపోవును గనుక, అంతయెత్తున వీచు గాలులను కూడ రాడారు తెలుపును. ఇట్టి ఉల్కారాడారు 2013లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున పని ప్రారంభించినది. మరణాయుధమును కనిపెట్టుటకు పుట్టిన విద్య, ఇట్లు ఆకాశపు ఊపిరిని వినుటకు ఉపకరించినది.