ఇంతోక్సికాదో

1980 జనవరి 22. అమెరికాలో దక్షిణ ఫ్లోరిడా. 18 ఏళ్ళ విల్లీ రమీరెజ్ స్నేహితుడి కారులో వెళ్తున్నాడు. బేస్‌బాల్ ఆడే కుర్రాడు, పిడిరాయిలాంటి ఒళ్ళు. ఉన్నట్టుండి తల పగిలిపోతున్నట్టు నొప్పి. ప్రియురాలి ఇంటికి చేరేసరికి కళ్ళు తిరిగాయి. కాసేపటికి స్పృహ తప్పింది. ఆస్పత్రికి చేర్చేటప్పటికి ఉలుకూ పలుకూ లేదు.

క్యాజువాలిటీ బయట నలుగురు ఆడవాళ్ళు. తల్లి, 13 ఏళ్ళ చెల్లెలు, ప్రియురాలు, ప్రియురాలి తల్లి. క్యూబా మూలాలున్న కుటుంబాలు. డాక్టరుకి స్పానిష్ రాదు. ప్రియురాలి తల్లికి వచ్చిన ఇంగ్లీషు అంతంత మాత్రం. కుర్రాడు తిన్న బర్గర్ సరిగ్గా ఉడకలేదని, అదే వికటించిందని వాళ్ళ అనుమానం. ఏం జరిగిందని డాక్టరు అడిగితే వాళ్ళు చెప్పిన మాట ‘ఇంతోక్సికాదో’.

క్యూబా వాళ్ళ వాడుకలో ఆ మాటకి తిన్నదో తాగినదో పడక జబ్బు చేసిందని అర్థం. డాక్టరు చెవికి అది ‘ఇంటాక్సికేటెడ్’ అని వినపడింది. అంటే మత్తు. కావాలనే మందులు ఎక్కువ మోతాదులో మింగాడని తేల్చి, దానికే వైద్యం మొదలుపెట్టారు. తమ పిల్లవాడి మీద అలాంటి ముద్ర పడిందని బయట కూర్చున్న నలుగురికీ తెలియదు. తెలిస్తే ఊరుకునేవారా?

దుబాసీని పిలుద్దామన్న ఆలోచన ఎవరికీ రాలేదు. రాకపోవడానికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే అంటే నేనొప్పుకోను. చెప్పిన వాళ్ళు చెప్పామనుకున్నారు, విన్నవాళ్ళు విన్నామనుకున్నారు. ఒక్క ముక్కా అర్థం కాకపోయి ఉంటే ఎవరో ఒకరు దుబాసీ కోసం పరిగెత్తేవారు. సగం అర్థమవడమే కొంప ముంచింది.

రెండు రోజులు అలాగే గడిచాయి. తర్వాత నరాల డాక్టరు వచ్చి చూస్తే అసలు సంగతి బయటపడింది. చిన్న మెదడులో రక్తస్రావం! అప్పటికే కాళ్ళూ చేతులూ పడిపోయాయి. ముందే కనిపెట్టి ఉంటే కుర్రాడు తన కాళ్ళ మీద తాను నడిచి ఇంటికి వెళ్ళేవాడని ఆ కేసు మీద రాసినవాళ్ళ మాట. దీని మీద వేసిన వ్యాజ్యం చివరికి రాజీకి వచ్చింది. అతను బతికినన్నాళ్ళూ ఇచ్చేలా కుదిరిన పరిహారం, పూర్తి ఆయుష్షు లెక్కన, సుమారు 7 కోట్ల 10 లక్షల డాలర్లు. వైద్య విద్యార్థులకి ఇప్పటికీ ఈ కేసు చెబుతూనే ఉన్నారు.

కొల్లేటి గట్టున కూర్చుని ఫ్లోరిడా గొడవ మనకెందుకంటారా? ఆకివీడుకి ఈ కథ అర్థమైనంత బాగా చాలా ఊళ్ళకి అర్థం కాదు. కెనడా బాప్టిస్టు మిషను ఆస్పత్రి ‘స్టార్ ఆఫ్ హోప్’ ఇక్కడిదే కదా. సముద్రాలు దాటి వచ్చిన దొరసానులు ముందు మునిషీ దగ్గర కూర్చుని తెలుగు దిద్దుకుని, ఆ తర్వాతే రోగి చెయ్యి పట్టుకునేవారు. దిద్దుకున్నా పుస్తకంలో దొరకని మాటలుంటాయి. ‘వేడి చేసిందండీ’ అని వచ్చిన మనిషికి థర్మామీటరు పెడితే జ్వరం ఉండదు. నోటి పూతో, మూత్రంలో మంటో, కళ్ళ మంటో ఉంటుంది. ‘పైత్యం’, ‘వాతం’, ‘గుండెల్లో దడ’ ఒక్కొక్కటీ ఒక్కో ఇంతోక్సికాదో.

ఇప్పుడు ఆ వంతు మనవాళ్ళది. ఈ డెల్టా నుంచి వెళ్ళిన డాక్టర్లు, నర్సులు అమెరికా ఆస్పత్రుల్లో ఉన్నారు. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ లాటినోలు 6 కోట్ల 20 లక్షల పైమాటే. ఇంగ్లీషొక్కటీ వస్తే గట్టెక్కేస్తామనుకోవడానికి లేదు. స్పానిష్‌లో ‘ఎంబరసాదా’ అంటే ఇంగ్లీషు ‘ఎంబరాస్డ్’లా సిగ్గుపడిందని కాదు, కడుపుతో ఉందని. మందు చీటీ మీద రోజుకి ఒకసారి అని ఇంగ్లీషులో ‘ఒన్స్’ రాస్తే, అవే అక్షరాలు స్పానిష్‌లో ‘ఓన్సే’, అంటే పదకొండు! బీపీ మాత్ర పదకొండుసార్లు మింగితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

అయితే మన అమ్మమ్మల చేతుల్లో పెరిగినవాళ్ళకి ఈ చదువు సగం వచ్చినట్టే. మనకి మీరు, నువ్వు ఉన్నట్టే స్పానిష్ మాట్లాడేవాళ్ళకి ‘ఉస్తెద్’, ‘తూ’ ఉన్నాయి. పెద్దాయన్ని తూ అన్నామో, ఆయన ఇక పెదవి విప్పకపోవచ్చు. చాలా ఇళ్ళలో వేడి, చలవ పట్టింపులు మనలాగే ఉంటాయి. దిష్టి ఉంది, పేరు ‘మాల్ దె ఓహో’. మెక్సికో ఇళ్ళలో మనలా ఎండుమిరపకాయలు తిప్పరు, కోడిగుడ్డుతో ఒళ్ళంతా నిమిరి దిష్టి తీస్తారు. పసిబిడ్డని ముద్దుగా ఉందని మెచ్చుకుని తాకకుండా వెళ్ళిపోతే దిష్టి తగులుతుందని నమ్మే తల్లులు చాలామంది. అక్కడ నర్సు బిడ్డ బుగ్గ మీద చెయ్యి వేస్తే చాలు, తల్లి మనసు కుదుటపడుతుంది. ఇంగ్లీషులో మాత్రమే పెరిగిన నర్సుకి పాఠం పెట్టి నేర్పాల్సిన సంగతి, మన పిల్లకి చెప్పకుండానే అందుతుంది.

ఇక కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో అమెరికా వెళ్ళే మన ఊరి పెద్దవాళ్ళకి ఒక మనవి. అక్కడ ఆస్పత్రికి వెళ్ళాల్సి వస్తే ‘మావాడికి ఇంగ్లీషు వచ్చులెండి’ అనకండి. మనవడి చేత అసలే చెప్పించకండి, పిల్లల్ని దుబాసీలుగా వాడుకోవడం ప్రాణం మీదికొస్తే తప్ప అక్కడి ఆరోగ్య చట్టం ఒప్పుకోదు. ‘తెలుగు దుబాసీ కావాలి’ అని అడగండి. ఎదుట లేకపోతే ఫోనులో కలుపుతారు. ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ ఆస్పత్రిలోనైనా దానికి మీరు పైసా కట్టక్కర్లేదు.