పొలం నుంచి జీతపు పట్టీకి: అచ్యుతాపురం కుటుంబాలలో శ్రమ మార్పు

ఇంటి పెద్దకు పని పోతే ఆ ఇల్లు ఎలా నిలదొక్కుకుంటుంది? 1930ల ఆర్థికమాంద్యాన్ని పరిశీలించిన వోయిటిన్‌స్కీ, భర్త నిరుద్యోగి అయినప్పుడు కుటుంబంలోని ఇతరులు పని వెదుక్కుంటారని 1940లో ప్రతిపాదించాడు. దీనిని ‘అదనపు శ్రామిక ప్రభావం’ అనవచ్చు. అచ్యుతాపురం అనుభవానికి ఈ సూత్రం ఎంతవరకు అన్వయిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పూర్వపు విశాఖపట్నం జిల్లాలోని అచ్యుతాపురం, రాంబిల్లి మండలాలు 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి. ఇక్కడ ప్రత్యేక ఆర్థిక మండలి కోసం వేల ఎకరాలు సేకరించారు. శ్రీలంకకు చెందిన బ్రాండిక్స్ సంస్థ ఆధ్వర్యంలో వెయ్యి ఎకరాల వస్త్ర పరిశ్రమల నగరం ఏర్పడింది. అందులోని శ్రామికులలో అత్యధికులు స్త్రీలు. వారంతా భూమి కోల్పోయిన కుటుంబాలవారు కారు. దూరపు ఊళ్ల నుంచి వచ్చేవారూ ఉన్నారు. అయితే భూమి పోయిన ఇంటి విషయంలో ‘అదనపు’ అన్న మాటే చర్చనీయం.

నాట్లు, కలుపుతీత, కోత, పాడి — వీటన్నిటిలో స్త్రీ శ్రమ ముందునుంచీ ఉన్నదే. పట్టా సాధారణంగా పురుషుని పేర ఉండడం వల్ల ఆ శ్రమ లెక్కకెక్కలేదు. 1894 నాటి భూసేకరణ చట్టం భూమికి వెల కట్టింది గాని, ఆ భూమిపై కూలి చేసుకునేవారి జీవనోపాధిని గుర్తించలేదు. కౌలుదార్లను, వ్యవసాయ కూలీలను బాధిత కుటుంబాలుగా పరిగణించినది 2013 చట్టమే. కనుక పొలం పోయినప్పుడు ఆ ఇంట పని పోయింది ఒక్కరికి కాదు, ఇద్దరికి. స్త్రీ కర్మాగారానికి వెళ్లడం కొత్తగా శ్రమలోకి రావడం కాదు. పోయిన పనికి బదులు వెదుక్కోవడం.

ఆదాయ స్వరూపమూ మారింది. పంటకాలాన్నిబట్టి నడిచిన ఇల్లు నెలజీతాన్నిబట్టి నడవాలి. ఇంటి గింజలు, పెరటి పాలు, గట్టు గడ్డి ఇప్పుడు కొనుగోలు వస్తువులు. అందువల్ల జీతం పాత రాబడితో సమానమైనా బతుకు సమానం కాదు. భర్త భవన నిర్మాణంలోనో, కాంట్రాక్టు కూలిగానో పని చూసుకున్నా, అది నిలకడైనది కాదు. ఇక వంట, నీళ్లు, పిల్లల బాధ్యత ఎవరిది? అది భర్తకు బదిలీ కాకుండా అత్తపైనో, పెద్ద కూతురిపైనో పడితే, జీతపు పట్టీలో కనిపించే సర్దుబాటుకు అసలు మూల్యం ఆ పిల్ల చదువే కావచ్చు.

అప్పు తీర్చడానికి భూమి వదులుకోవలసిన కుటుంబాన్ని కాళీపట్నం రామారావు 1964లోనే ‘యజ్ఞం’ కథలో చిత్రించారు. భూమి పోయాక ఆ ఇంటి స్త్రీ శ్రమ ఏమవుతుందన్న ప్రశ్నతో ఉత్తరాంధ్ర కథను మళ్లీ చదవవలసి ఉంది. చట్టం ఆలస్యంగా లెక్కించిన శ్రమను సాహిత్య చరిత్ర కూడా విస్మరించరాదు.