ఎదుటివాళ్ళే చెప్పే కిటుకు

ఆట నేర్పడం ఒక ఎత్తు, ఆటలో కిటుకు చెప్పడం ఇంకో ఎత్తు. నేర్పడానికి పది నిముషాలు చాలు. "ఇవి పులులు, ఇవి మేకలు, పులి ఇలా దూకుతుంది, మేకలు అలా కట్టేస్తాయి" అంటే అయిపోయింది. కిటుకు అలా కాదు. అది చెప్పాలంటే చెప్పేవాళ్ళకి మనమంటే కాస్త ఇష్టం ఉండాలి. వంటల పుస్తకంలో కొలతలన్నీ ఉన్నా, "ఇంగువ ముందే వేస్తే మాడిపోతుందమ్మా, పోపు దించేముందు వెయ్యి" అని చెప్పడానికి ఒక అత్తగారో పక్కింటి పిన్నిగారో కావలసొస్తారు చూడండి, అలాగన్న మాట.

ఈ కిటుకులకి కూడా ఒక చరిత్ర ఉంది. వెతుక్కుంటూ వెనక్కి పోతే మన భారతం దగ్గర తేలుతాం. నన్నయగారు పదకొండో శతాబ్దంలో తెలుగు చేసిన అరణ్యపర్వంలో నలుడి కథ వస్తుంది. జూదంలో రాజ్యం పోగొట్టుకుని, దమయంతిని అడవిలో వదిలేసి, బాహుకుడనే పేరుతో ఋతుపర్ణ మహారాజు దగ్గర నలుడు రథం తోలుతుంటాడు. దమయంతికి అనుమానం తగిలి, తనకి రెండో స్వయంవరమని కబురంపుతుంది. ఒక్క రోజులో అంత దూరం గుర్రాలు తోలగలవాడు నలుడు తప్ప ఇంకొకడు లేడని ఆమెకి తెలుసు. ఎత్తంటే అదీ! ఆ ప్రయాణంలో ఋతుపర్ణుడు దారిపక్క తాండ్రచెట్టును చూసి, దానికి ఆకులెన్నో కాయలెన్నో చూపుతోనే లెక్క చెబుతాడు. నలుడు నమ్మడు. రథం ఆపి, చెట్టు పడగొట్టి లెక్కపెడితే సరిగ్గా అన్నే ఉంటాయి. ఆనాటి పాచికలు ఆ తాండ్రకాయలే కదా. లెక్క పట్టే ఆ విద్య పేరు అక్షహృదయం. ఋతుపర్ణుడు అది నలుడికి చెబుతాడు. బదులుగా నలుడు గుర్రాల గుట్టు, అశ్వహృదయం, ఇస్తానంటాడు.

ఆ కథని అడవిలో ధర్మరాజుకి చెప్పిన బృహదశ్వ మహర్షి, చివరికి ఆయనకి కూడా అక్షహృదయం నేర్పి వెళతాడు. సర్వస్వం పోయాక అందిన కిటుకు! మరి అంతకుముందు ఎవరూ చెప్పలేదా అంటే, ఎదురుగా కూర్చున్నవాడు శకుని. శకుని ఎవరికీ చెప్పడు. చెబితే వాడి పని జరగదు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ దీనితో పని పడుతుంది.

మాది అనంతపురం. ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఊరు. గోదావరి వాళ్ళకి అంతకు రెట్టింపు పడుతుంది. మెట్ట చేలల్లో పండేది ఒక్క పంట, వేరుశనగ. కార్తీకంలో కాయ పెరికేశాక మళ్ళీ ఏరువాక వరకూ చేలో పని తక్కువ. బెంగుళూరికి కూలికి పోయేవాళ్ళు పోగా, మిగిలిన వాళ్ళు ఆకాశం కేసి చూస్తూ కూర్చోవాలి. ఊరికే కూర్చుంటే దిగులు. అందుకని రచ్చబండ మీద పులిజూదం, ఇళ్ళల్లో వామనగుంటలు, అరుగుల మీద అష్టాచెమ్మా. ఖర్చు లేని ఆటలివి. గీసుకోవడానికి బొగ్గుముక్క, ఆడుకోవడానికి రాళ్ళు, చింతపిక్కలు. కరువులో కూడా దొరికే సరుకు.

ఇవి ఎంత పాతవో తెలియాలంటే హంపి వెళ్ళాలి. మాకు హంపి దూరం కాదు. 1882లో విడి జిల్లా అయ్యేవరకూ మా అనంతపురం, హంపి రెండూ బళ్ళారి జిల్లాలోనివే. అక్కడి మండపాల రాతినేల మీద వంగి చూస్తే పులిజూదం గీతలు, దాడి ఆట గీతలు కనిపిస్తాయి. ఎవరో ఉలి పట్టుకుని, ఆటకోసం బండ మీద గీసుకున్నారు! నేను వాటి ముందు చాలాసేపు నిలబడ్డాను. గీతలు ఉన్నాయి. పక్కన కూర్చుని "ఆ మేకను అక్కడ పెట్టద్దురా" అన్నవాళ్ళ మాట మాత్రం లేదు. రాయి గీతల్ని దాచుకుంది గానీ కిటుకుల్ని దాచలేకపోయింది. సురవరం ప్రతాపరెడ్డిగారి లాంటి పెద్దలు 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసినప్పుడు మన ఆటలకీ చోటిచ్చారు కనక పేర్లయినా మిగిలాయి. కిటుకులు మాత్రం నోటినే నమ్ముకున్నాయి.

ఆ నోళ్ళల్లో ఒకటి మా అవ్వది. పులిజూదం మగవాళ్ళ ఆట, రచ్చబండ ఆట. ఆడవాళ్ళు అక్కడికి పోయి కూర్చునే రోజులు కావవి. మా తాత ఇంటి అరుగు మీద స్నేహితులతో ఆడుతుంటే, తలుపు చాటున వేరుశనగకాయలు ఒలుస్తూ చూసి నేర్చుకుందట. చూడడమే పనైనవాళ్ళకి ఆడేవాళ్ళకంటే ఎక్కువ కనిపిస్తుంది. ముసలితనంలో మాతో ఆడేటప్పుడు ఆమె పులుల్ని పట్టుకుంటే మా మేకలు బతికేవి కావు.

ఆట మీకు తెలిసే ఉంటుంది. గోపురంలా పైన ఒక కొన, అక్కడినుంచి కిందికి నాలుగు గీతలు, వాటిని అడ్డంగా కోస్తూ ఒక పెట్టె. మొత్తం 23 చోట్లు. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలన్నీ దిగేవరకూ ఒక్క మేకా కదలకూడదు. మేక వెనక చోటు ఖాళీగా ఉంటే పులి దూకి తినేస్తుంది. మా అవ్వ ఆడుతూనే చెప్పేది. "మొదలు మూలలకు పెట్టు పాపా. మూలనున్న మేకకు ఎనక చోటు యాడుంది, పులి దూకనీకి?" అనేది. "ఒంటి మేకను నడిమధ్య పెట్టొద్దు. ఎనకాల తోడు పెట్టినాకే ముందర పెట్టు." అనేది. ఇక పులుల వైపు కిటుకు: మేకలు తక్కువ ఉన్నప్పుడే తినాలి, మూడు పులులూ ఒకే చోట గుమికూడకూడదు, మూలకి అసలే పోకూడదు. మేకకి కోట అయిన మూలే పులికి బోను!

గమనించారా? ఆమె ఎదుటి పక్షం. తన పులులకి తిండి దొరక్కుండా చేసే కిటుకు తనే చెబుతోంది. "అట్లా చెప్తే నువ్వు ఓడిపోతావు కదవ్వా" అంటే, "ఓడిపోతే ఏమాయె, ఆట బాగుంటాది" అనేది.

అష్టాచెమ్మాలో ఆమె కిటుకు ఇంకా తమాషా అయినది. "శత్రువుకు రెండు గడుల ముందర నిలబడొద్దు" అనేది. ఎందుకో అవ్వ చెప్పలేదు. కాలేజీలో లెక్కలు చదివిన మా తమ్ముడు తర్వాత విడమరిచాడు. సగానికి అరగదీసిన నాలుగు చింతపిక్కలు వేస్తే 16 రకాలుగా పడొచ్చు. అందులో రెండు పడేవి 6. ఒకటి పడేవి 4, మూడు పడేవి 4. చెమ్మకి ఒకటే, అష్టకి ఒకటే. అంటే అన్నిటికంటే ఎక్కువసార్లు పడేది రెండే! చదువు రాని మా అవ్వ చేతిలో చిన్నపాటి అక్షహృదయం ఉండేదన్న మాట.

ఈ కిటుకుల్లేకుండా ఆట ఒక్కటే ప్రయాణం చేస్తే ఏమవుతుందో తెలుసా? మన పచ్చీసునే చూడండి. ఫతేపూర్ సిక్రీలో అక్బరు కోట ముంగిట్లో రాళ్ళతో దాని గడులు పరిచి ఉన్నాయి. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు జోడీ కట్టి, ఒకరి కాయని ఒకరు కాపాడుకుంటూ ఆడే ఆట అది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని తీసుకుపోయి, జోడీ తీసేసి, గవ్వల బదులు ఒక్క పాచిక పెట్టి, 1896లో లూడో అని పేటెంటు పుచ్చుకున్నారు. పిల్లలకి సులువైంది నిజమే. కానీ ఎదుటనున్న తోడు మనసు కనిపెట్టి ఆడే నేర్పు అందులోంచి జారిపోయింది. గడులు ఓడెక్కాయి, కిటుకులు మన అరుగుల మీదే ఉండిపోయాయి.

కరెంటుతో ఆడే ఆటలొచ్చాక కూడా కథ మారలేదంటే నమ్ముతారా? 1986లో జపానులో హషిమోటో అనే ఆయన గ్రేడియస్ అనే ఆటని ఇళ్ళల్లో ఆడే పెట్టెకి తగ్గట్టు మారుస్తూ, అది తనకే కష్టంగా ఉందని ఒక రహస్యం పెట్టుకున్నాడు. పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, తర్వాత రెండు మీటలు. ఆ వరస నొక్కితే బలాలన్నీ వచ్చేస్తాయి. అది బయటికి పొక్కి, లోకంలోని పిల్లలంతా నోటినోటా చెప్పుకున్నారు. అమెరికాలో నింటెండో కంపెనీ అయితే ఆటలో చిక్కుకున్న పిల్లలు ఫోన్ చేస్తే దారి చెప్పడానికి మనుషుల్నే జీతమిచ్చి కూర్చోబెట్టింది. 1988లో కిటుకులు చెప్పడానికి ఒక పత్రికే పెట్టింది.

మా అనంతపురానికి ఫోనూ రాలేదు, పత్రికా రాలేదు. టీవీ గేమ్ అనే ప్లాస్టిక్ డబ్బా మాత్రం 1990లలో వచ్చింది. మా మామయ్య బెంగుళూరు నుంచి తెచ్చాడు. కాసెట్టు గుచ్చి, టీవీకి తగిలిస్తే మేరియో గంతులేసేవాడు, కాంట్రా వీరులు కాల్పులు జరిపేవారు. చిక్కల్లా ఒక్కటే. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. పోతే ఆట మళ్ళీ మొదటికి. మేరియోలో ఎక్కడిదాకా వచ్చామో దాచుకునే వీలు లేదు మరి!

అందుకే మా వీధిలో కిటుకు అంటే ప్రాణం. మొదటి లోకం రెండో మజిలీలో నేలమాళిగ ఉంటుంది. దాని పైకప్పు ఎక్కి, ఇటుకల మీదుగా చివరిదాకా పరిగెత్తితే మూడు గొట్టాలుంటాయి. వాటిలో దూరితే ఏకంగా నాలుగో లోకంలో తేలవచ్చు. ఈ సంగతి కోర్టురోడ్డు వైపు నుంచి వచ్చిన ఒక పిల్లవాడు మా తమ్ముడికి చెప్పాడు. ఊరికే కాదు, కాంట్రాలో ముప్ఫై ప్రాణాల వరసకి బదులుగా. ఋతుపర్ణుడూ నలుడూ చేసుకున్న బేరమే! కరెంటు పోయేలోగా నాలుగో లోకం చూడడమంటే ఆ పిల్లలకి ఎంత సంబరమో చెప్పలేను.

మీట మాత్రం ఆడపిల్లల చేతికి వచ్చేది కాదు. మగపిల్లలు వంతులు వేసుకునేవాళ్ళు, మేం వెనక నిలబడి చూసేవాళ్ళం. చూసి చూసి, ఏ ఇటుక కింద పుట్టగొడుగు ఉందో నాకు కంఠతా వచ్చేసింది. "ఒరేయ్, ఇక్కడ ఎగరరా" అని నేనరిస్తే తమ్ముడు ఎగిరేవాడు. తలుపు చాటున కాయలొలిచిన మా అవ్వ మనవరాలినే కదా! కరెంటు పోగానే అందరం అరుగు మీదకి. అక్కడ అవ్వ సుద్దముక్కతో గోపురం గీసి సిద్ధంగా ఉండేది. ఆ ఆటలో ఆడపిల్లలకీ వంతు ఉండేది.

ఇప్పుడు పిల్లలకి కిటుకులకి కొదవ లేదు. ఫోను తెరిస్తే ఎక్కడో ఉన్న మనిషి మాట్లాడుతూ ఆడి చూపిస్తాడు. నేను దాన్ని తప్పు పట్టను. ముక్కూ మొహం తెలియనివాడికి ఊరికే చెప్పడంలో కూడా ఒక మంచితనం ఉంది. భయం వేరే చోట ఉంది. డబ్బు కట్టి ఆడే ఆటలు ఫోనులోకి దూరి ఎన్ని ఇళ్ళ పుస్తెలు తాకట్టు పెట్టించాయో మనకు తెలుసు. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాటిని నిషేధించింది. 2025లో దేశమంతటికీ చట్టం వచ్చింది. చట్టాలు చేయగలిగింది చేస్తాయి. ఇంట్లో తల్లులకి మా అవ్వ దగ్గరొక కొలమానం ఉంది. పిల్లవాడు ఏదైనా ఆడుతుంటే అడగండి: "ఎదుటివాడు నీకు కిటుకు చెబుతాడా?" చెబితే అది ఆట. చెప్పడంటే అవతల కూర్చున్నది శకుని.

మా వైపు పల్లెల్లో పడుచువాళ్ళు బెంగుళూరు పోగా, ఇళ్ళల్లో పెద్దవాళ్ళే మిగిలారు. వాళ్ళని ఆటల గురించి అడిగి చూడండి. "ఏముందమ్మా, ఏదో పొద్దుపోక ఆడుకుంటాంటిమి" అని తేల్చేస్తారు. అలా అడిగితే కిటుకు రాదు. ముగ్గుపిండితో అరుగు మీద గోపురం గీయండి. పదిహేను రాళ్ళు మీరు తీసుకుని, మూడు పులులు వాళ్ళకివ్వండి. మొదటి ఆట ఓడిపోండి. రెండో ఆటకి వాళ్ళ నోరు వాళ్ళే ఆపుకోలేరు.